చేపల తొట్టి ఇల్లు మారితే

పెద్ద చేపల తొట్టిని ఒక ఇంటి నుంచి మరో ఇంటికి తరలించేటప్పుడు మూడింటిని కాపాడుకోవాలి: చేపలకు అందే గాలి, తొట్టి అద్దం, కంటికి కనిపించని బ్యాక్టీరియా. ఈ మూడూ మనిషికి అర్థమైంది కూడా దాదాపు ఆ వరుసలోనే. న్యూజెర్సీలోని పిస్కాటవేకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. 1666లో ఏర్పడిన ఈ ఊరు న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల మధ్య ఉంది. అమెరికాలో అలంకార చేపల పెంపకం వేళ్లూనుకున్నది ముఖ్యంగా ఈ ప్రాంతంలోనే.

చేపలు, నీటిమొక్కలు ఒకదాన్నొకటి బతికించుకుంటాయని లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో చూపించాడు. 1854లో వచ్చిన ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకంతో అక్వేరియం అనే పేరు ఇంటింటికీ చేరింది. 1858లో హెన్రీ బట్లర్ అమెరికా గృహస్థుల కోసమే ఒక పుస్తకం రాశాడు. ఆనాటి తొట్లకు ఇనుప చట్రం, పలకరాతి అడుగు ఉండేవి. అద్దాలను పుట్టీతో బిగించేవారు. ఆ పుట్టీ గట్టిపడ్డాక తొట్టిని కదిలిస్తే అతుకుల దగ్గర కారడం మొదలయ్యేది.

చేపలను ప్రాణాలతో మోసుకెళ్లే విద్య మాత్రం చేపల సాగు నుంచి వచ్చింది. 1871లో సెత్ గ్రీన్ హడ్సన్ నది షాడ్ చేపపిల్లలను పాల క్యాన్లలో నింపి, దారి పొడవునా నీళ్లు మారుస్తూ రైల్లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదికి చేర్చాడు. పదేళ్ల తర్వాత అమెరికా ప్రభుత్వ మత్స్య సంస్థ చేపల కోసమే ప్రత్యేక రైలుపెట్టెలు నడిపింది. మన దేశంలోనూ ఇదే పాట్లు పడ్డారు. బెంగాల్‌లో చేపపిల్లలను మట్టి హండీల్లో తీసుకెళ్లేవారు. నీటిలో గాలి కలుస్తూ ఉండాలని ఆ కుండలను ప్రయాణమంతా చేత్తో కదుపుతూ కూర్చునేవారు. పేరులేని ఆ మోతగాళ్ల ఓర్పును ఈ చరిత్రలో తప్పక చెప్పుకోవాలి.

నియాన్ టెట్రా రాకతో చేపల ప్రయాణం ఆకాశానికెక్కింది. 1934లో ఆగస్ట్ రాబో అమెజాన్ ఎగువన ఈ చిన్న చేపను కనుగొన్నాడు. 1936లో దానికి ఫిలడెల్ఫియా రచయిత విలియం ఇన్నెస్ పేరిట శాస్త్రీయ నామం పెట్టారు. అదే ఏడాది హిండెన్‌బర్గ్ వాయునౌక కొన్ని నియాన్ చేపలను జర్మనీ నుంచి అమెరికాకు తెచ్చింది. ఆ నౌక దిగిన లేక్‌హర్స్ట్ పిస్కాటవేకు దక్షిణాన సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. 1950లలో పాలిథిన్ సంచి వచ్చాక గాలి సమస్య తీరింది. సంచిలో మూడోవంతు నీళ్లు పోసి, మిగతా చోటు ఆక్సిజన్‌తో నింపి మూతి కడితే చేప గంటల తరబడి నిబ్బరంగా ఉంటుంది. కోనసీమ, కైకలూరు ప్రాంతాల రైతులు చేపపిల్లలను చెరువులకు చేర్చేదీ ఈ పద్ధతిలోనే.

తొట్టి కూడా మారింది. న్యూజెర్సీలో తయారైన మెటాఫ్రేమ్ స్టీలు చట్రపు తొట్లు చాలా ఇళ్లకు చేరాయి. 1960, 70లలో సిలికాన్ జిగురు వచ్చాక చట్రం అవసరమే లేకుండా పోయింది, తొట్ల పరిమాణమూ పెరిగింది. 125 గ్యాలన్ల తొట్టి పొడవు ఆరడుగులు. ఖాళీగా దాని బరువు సుమారు 90 కిలోలు, నీళ్లతో నిండితే 600 కిలోలు దాటుతుంది. నీళ్లున్న తొట్టిని ఎత్తితే అడుగు అద్దం పగులుతుంది, లేదా జిగురు అతుకు ఊడుతుంది.

మూడోది, అన్నిటికన్నా ఆలస్యంగా పెంపకందార్లకు అర్థమైంది, బ్యాక్టీరియా. చేపల విసర్జనతో పుట్టే అమోనియా విషం. కొన్ని సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను హాని తక్కువైన నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ పని చేసే నేల సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో వేరుచేసి చూపినవాడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. ఆయన జీవితచరిత్రను 1953లో రాసింది రట్గర్స్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు, స్ట్రెప్టోమైసిన్ పరిశోధనకు 1952లో నోబెల్ పొందిన సెల్మన్ వాక్స్‌మన్. ఆ మందుపై వచ్చిన రాయల్టీలతో నెలకొల్పిన వాక్స్‌మన్ సూక్ష్మజీవశాస్త్ర సంస్థ నేటికీ పిస్కాటవేలోనే ఉంది. తొట్టి ప్రాణం నీటిలో కన్నా ఫిల్టర్ స్పాంజిలో, అడుగున పరిచిన గులకరాళ్లపై ఉందన్న సంగతికి మూలం ఈ శాస్త్రమే.

పిస్కాటవేలో, పక్కనున్న ఎడిసన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది మొదట అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండి, తర్వాత సొంతింటికి మారినవారే. తొట్టి ఉన్నవారు ఇల్లు మారే రోజుకు ఒకటి రెండు రోజుల ముందే చేపలకు మేత ఆపాలి, అప్పుడు సంచుల్లో నీరు పాడవకుండా ఉంటుంది. పాత నీళ్లలో కొంత మూత ఉన్న బకెట్లలో పట్టుకోవాలి. తొట్టిని పూర్తిగా ఖాళీ చేసి, కొత్త ఇంట్లో వీలైతే కింది అంతస్తులో, సమతలంగా ఉన్న చోట నిలపాలి. జనవరిలో ఇక్కడ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి దిగుతుంది. చాలా ఉష్ణమండల చేపలకు సుమారు 24 డిగ్రీల నీరు కావాలి కనుక వేసవిలో మారడమే మేలు. ఏ కాలంలో మారినా ఫిల్టర్ స్పాంజిని ఎండనివ్వకూడదు, క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో కడగకూడదు. పాత తొట్టి నీళ్లలోనే ముంచి తీసుకెళ్లి, కొత్త ఇంట్లో అన్నిటికన్నా ముందు దాన్నే నడిపించాలి.