రంగారావు నడక

మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లంటే మా నందిగామ, జగ్గయ్యపేట వైపు పిల్లలకు చెరుకు గడలు, తెల్లవార్లూ నాటకాలు. నాకు పదేళ్లప్పుడు ఒక రాత్రి కీచక వేషధారి తెర పక్కనుంచి వచ్చాడు. ఒక్క అడుగు వేసి ఆగాడు. ఉత్తరీయం కొస రెండు వేళ్లతో పట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి, సగం మూసిన కళ్లతో జనాన్ని ఒకసారి కలయజూశాడు. ఇంకా పద్యం ఎత్తుకోనే లేదు. నా పక్కన గోనెపట్టా మీద కూర్చున్న తాత మాత్రం తేల్చేశాడు: "అబ్బో, రంగారావు దిగాడ్రా!"

'నర్తనశాల' వచ్చింది 1963లో. ఆ తర్వాత మా పల్లె స్టేజీలెక్కిన కీచకులంతా ఎస్వీ రంగారావు దగ్గర నడక అప్పు తెచ్చుకున్నవాళ్లేనని నా అనుమానం. ఆ పాత్రకే 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చిత్రోత్సవం ఆయన్ను ఉత్తమ నటుడన్నది. మన దేశం పద్మశ్రీ అయినా ఇవ్వలేదు.

ఆయన మా కృష్ణా జిల్లా మెట్టవాడే. సామర్ల వెంకట రంగారావు 1918 జులై 3న నూజివీడులో పుట్టారు. తండ్రి కోటేశ్వరరావుది ఎక్సైజు శాఖలో ఉద్యోగం. కొడుకు చదువు మద్రాసు, విశాఖ మీదుగా కాకినాడ పీఆర్ కాలేజీలో బీఎస్సీ దాకా సాగింది. అయితే కాకినాడలో ఆయన అసలు చదువు యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలే. షేక్‌స్పియర్ వేషాలూ కట్టారు. తర్వాత ఫైర్ ఆఫీసరుగా కొన్నాళ్లు బందరులో, కొన్నాళ్లు విజయనగరంలో చేశారు. మెట్టలో పుట్టినవాడు జిల్లాకు ఆ చివరన, బందరు సముద్రం పక్కన మంటలార్పే కొలువు చేశాడన్నమాట!

సినిమాలోకి ఆయన వచ్చింది హీరోగా. ఈ మాట చెబితే ఇప్పటికీ చాలామంది నమ్మరు. 1947లో బీవీ రామానందం తీసిన 'వరూధిని'లో ప్రవరుడు ఆయనే. సినిమా ఆడలేదు. రంగారావు మూటాముల్లె సర్దుకుని జంషెడ్‌పూరు వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగంలో చేరారు. అక్కడా నాటకాలు వదల్లేదు. మళ్లీ మద్రాసు పిలుపు వచ్చింది బీఏ సుబ్బారావు 'పల్లెటూరి పిల్ల' కోసం. అది షెరిడన్ ఇంగ్లీషు నాటకం 'పిజారో'ను తెలుగు పల్లెకు దించిన కథ. అందులో ప్రతినాయకుడి వేషం రంగారావుకు అనుకున్నారు. సరిగ్గా అప్పుడే తండ్రి పోయారు. ఆయన చేరేసరికి ఆలస్యమై ఆ పాత్ర ఏవీ సుబ్బారావుకు వెళ్లింది. ఈయనకు మిగిలింది చిన్న వేషం. ఎవరైనా అయితే అలిగి మళ్లీ జంషెడ్‌పూరు రైలెక్కేవారు. ఈయన ఉండిపోయారు. 'షావుకారు'లో సున్నం రంగడిగా నాలుగు కేకలు వేశారు. ఆ సినిమా తీసిన విజయావారికి ఆ కేకలు గుర్తుండిపోయాయి.

1951 మార్చిలో వాళ్ల 'పాతాళభైరవి' విడుదలయ్యేనాటికి రంగారావుకు 33 నిండలేదు. కథ ఎన్టీఆర్ వేసిన తోటరాముడిది, సినిమా మాత్రం రంగారావు వేసిన నేపాళ మాంత్రికుడిది. పొడుగాటి అంగరఖా, కోసు గడ్డం, గాలిని పిసుకుతున్నట్టుండే వేళ్లు. ఆ మాంత్రికుడిలో షేక్‌స్పియర్ షైలాక్ పోలికలున్నాయనేవాళ్లు ఉన్నారు. కాకినాడ రోజులు తెలిస్తే కాదనబుద్ధి కాదు. పిల్లలు మాత్రం షైలాక్ ఎవరో తెలియకుండానే ఒకరినొకరు "డింభకా" అని పిలుచుకుంటూ బడికి వెళ్లారు.

ఆయనకు ఇంగ్లీషు కథలతో చుట్టరికం అంతటితో ఆగలేదు. జార్జ్ ఎలియట్ 1861లో రాసిన 'సైలస్ మార్నర్' నవల నుంచి బీఎన్ రెడ్డి 'బంగారుపాప' తీశారు, పాలగుమ్మి పద్మరాజు రచనతో. ఇంగ్లీషు పల్లెలోని ఒంటరి సాలెవాడు తెలుగులో కోటయ్య అయ్యాడు. పగతో రగిలే మొరటు మనిషి చేతిలో పసిబిడ్డ పడుతుంది. నన్నడిగితే ఘటోత్కచుడి కన్నా, కీచకుడి కన్నా ముందు చూడాల్సింది ఈ కోటయ్యనే. గద లేదు, కిరీటం లేదు. అంతటి భారీ మనిషి బిడ్డ ముందు ఎలా చిన్నబోతాడో అందులో చూడాలి.

ఇంగ్లండులో చార్లెస్ లాటన్ అని ఒకాయన ఉండేవాడు. స్కార్‌బరోలో హోటలు నడిపేవాళ్లబ్బాయి. ఆ పని వదిలి నటన నేర్చుకుని, అందగాడు కాకపోయినా ఎనిమిదో హెన్రీ వేషంతో ఆస్కార్ పట్టుకుపోయాడు. ఒక్కటంటే ఒక్క సినిమాకు దర్శకత్వం వహించాడు. మన ఫైర్ ఆఫీసరు 'చదరంగం', 'బాంధవ్యాలు' అని రెండు తీశారు, పైగా 'యువ' పత్రికకు కథలూ రాశారు. లాటన్‌ను వాళ్లు క్యారెక్టర్ యాక్టర్ అంటారు. మనం కూడా ఆ మాటే వాడతాం గానీ రంగారావు దగ్గరికి వచ్చేసరికి అది చాలక 'విశ్వనట చక్రవర్తి' అన్నాం.

చక్రవర్తి అంటే మా పేట వాళ్లకు ఇంకొకరు గుర్తొస్తారు. జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం పలక మీద మాంధాత చక్రవర్తి చెయ్యి పైకెత్తి నిలబడి ఉంటాడు, మబ్బుల్లోంచి చదరపు నాణేలు రాలుతుంటాయి. ఆ పలక ఇప్పుడు మద్రాసు మ్యూజియంలో ఉంది. నోరు విప్పకుండా ఒక్క చేత్తో రాజసమంతా చెప్పడం ఎలాగో చెక్కినవాడికి తెలుసు. రంగారావుకూ తెలుసు.

'మాయాబజార్' వచ్చింది 1957లో. అందరూ వివాహ భోజనం పాట దగ్గరే ఆగిపోతారు. నేను చూడమనేది ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారిన తర్వాత సావిత్రిని. చెయ్యి నడుం మీద వేసుకుని, భుజాలు విరిచి, అడుగు బరువుగా దించి ఆమె నడుస్తుంటే హాలంతా నవ్వుతుంది. ఎందుకు? తెర మీద రంగారావు లేకపోయినా ఆ నడక ఎవరిదో జనానికి తెలుసు కాబట్టి. పక్కవాడి నడకను హీరోయిన్ అనుకరిస్తే కామెడీ పండిందంటే, ఆ పక్కవాడు ఇంకా పక్కవాడేనా?

ముప్పై ఆరేళ్లకే 'మిస్సమ్మ'లో జమునకు తండ్రి అయ్యారు. తాతలు, జమీందార్లు, హిరణ్యకశిపుడు, రావణుడు, ఇంకా తమిళంలో బోలెడంతమంది పెద్దలు. తెర మీద ఎన్నిసార్లో జుట్టు నెరిసింది గానీ 1974 జులై 18న మద్రాసులో కన్నుమూసేనాటికి ఆయన వయసు 56. నిజమైన ముసలితనం చూడనే లేదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు నందిగామ, జగ్గయ్యపేట ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది. అంటే తోటరాముడి పేరు మాకు దక్కింది, మాంత్రికుడి ఊరు పక్కకు జారుకుంది. ఈ పంపకంలో ఎవరికి లాభమో మా టీ కొట్ల దగ్గర ఇంకా తేలలేదు.

ఆ తిరునాళ్ల రాత్రి సంగతి సగంలో ఆపాను. నాటకం అయ్యాక కీచకుణ్ణి దగ్గర్నుంచి చూడాలని తడికల వెనక్కి దూరాను. కిరీటం ట్రంకు పెట్టె మీద ఉంది. ఆయన కొబ్బరినూనె చేత్తో రాసుకుని, పాత పంచె ముక్కతో ముఖం మీది రంగు తుడుస్తున్నాడు. బక్కపలచటి మనిషి, దవడలు పీక్కుపోయాయి. "ఏరా అబ్బాయ్, భయపడ్డావా?" అన్నాడు. లేదని తలూపాను. లేచి లుంగీ ఎగ్గట్టి, చెవి సందున ఉన్న బీడీ తీసి, నిప్పు కోసం టీ కొట్టు వైపు వెళ్లాడు. కాస్త వంగి, చిన్న చిన్న అడుగులు వేసుకుంటూ.