కౌమార ఉద్వేగ నియంత్రణము, స్వీయహింస, స్మార్ట్‌ఫోను వ్యసనము

క్రోధము, లజ్జ, భీతి మున్నగు ఉద్వేగములు చెలరేగినపుడు వానిని గుర్తించి, తాళుకొని, క్రమముగా శమింపజేసికొను శక్తికి ఉద్వేగ నియంత్రణమని పేరు. ఉద్వేగములను రగుల్చు మెదడు భాగములు ముందుగా వికసించి, వానికి పగ్గము వేయు లలాటభాగము సుమారు 25 ఏండ్లవరకును పరిపక్వమగుచునే యుండుటచే, కౌమారమున ఈ శక్తి సహజముగనే కొరవడియుండును.

1998లో హైదరాబాదున ఐటీ సంస్థల భవనమగు సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములందు వెలసిన బహుళాంతస్తుల గృహములలో, తల్లిదండ్రులు అమెరికా వేళల ననుసరించి రాత్రులు పనిచేయుచుండగా, పెక్కిండ్ల పిల్లలకు తోడు చేతిలోని ఫోనే. దుప్పటి మాటున వెలుగు ఆ చిన్న తెర తెల్లవారుజామువరకు ఆరదు, నిద్ర చెడును, నిద్ర చెడినకొలది మనస్సు తాళుకొనజాలదు, తాళలేని బాధను మరచుటకు చేయి మరల ఫోనునే వెదకును. ఇందు ఏది మూలమో ఏది ఫలమో విడదీయుట దుష్కరము. కావున ఫోను లాగికొనుటయే చికిత్స యనుకొనుట పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థయు 2019లో వీడియో ఆటల వ్యసనమునే రుగ్మతగా అంగీకరించినది గాని ఫోను వాడుక నంతటిని కాదు.

అట్టి భరింపరాని వ్యథనుండి క్షణకాల విముక్తికై తన దేహమును తానే గాయపరచుకొనుట స్వీయహింస. పలువురియందు ఇది మరణేచ్ఛ కాకున్నను, ముందుముందు ఆత్మహత్యాప్రమాదమును పెంచునది గనుక ఉపేక్షింపరాదు. దీనిని నటన యనుట క్రూరము. గాయములను దాచుటకై మండువేసవిలోను పొడుగుచేతుల చొక్కా విడువని బిడ్డను గద్దింపక, ప్రక్కన కూర్చుండి మెల్లగా అడుగవలెను.

సహాయము కావలసినవారికి హైదరాబాదు ఎఱ్ఱగడ్డలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయము కలదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన టెలి మానస్ అను మానసిక సహాయవాణి 14416 నంబరుకు రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేసి తెలుగున మాటలాడవచ్చును.