బనగానపల్లె నవాబు బంగళా

బనగానపల్లె నవాబు బంగళా, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రము, నంద్యాల జిల్లాలోని బనగానపల్లె సమీపమున ఒక గుట్టపై ఉన్న పురాతన భవనము. ప్రజలు దీనిని అరుంధతి బంగళా, అరుంధతి కోట అని కూడా పిలుస్తారు. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతము కర్నూలు జిల్లాలో ఉండేది.

చరిత్ర

బ్రిటిషు పాలనాకాలమున చుట్టూ ఉన్న దత్తమండలాలు కంపెనీ, తదుపరి ప్రభుత్వ అధికారులు నేరుగా పాలించిన జిల్లాలు కాగా, బనగానపల్లె మాత్రము నవాబుల ఏలుబడిలోని చిన్న సంస్థానముగా కొనసాగింది. ఇది 1948లో మద్రాసు రాష్ట్రములో విలీనమై కర్నూలు జిల్లాలో చేరింది.

నిర్మాణము

కోట అని పిలిచినప్పటికీ ఇది యుద్ధావసరాలకు కట్టిన దుర్గము కాదు, నవాబుల విడిది. వంపు ద్వారాలు, స్తంభాలు ఐరోపా కట్టడాలను తలపిస్తాయి. ఎత్తైన చోట ఉండుటచే దూరమునుండే కనబడుతుంది. కాలక్రమమున భవనము శిథిలావస్థకు చేరింది.

సినిమాలో

2009లో విడుదలైన అరుంధతి సినిమా (దర్శకుడు కోడి రామకృష్ణ) చిత్రీకరణతో ఈ బంగళా ప్రసిద్ధి చెందింది. ఆ కథ గద్వాల సంస్థానమునకు చెందినదిగా చూపడముచే, పలువురు దీనినే గద్వాల కోటగా పొరబడుతుంటారు. చెన్నకేశవస్వామి ఆలయమున్న అసలు గద్వాల కోట తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. సినిమా పేరు స్థిరపడిన కొద్దీ, బంగళాను కట్టించిన నవాబుల పేరు మరుగున పడింది.

ఇవి కూడా చూడండి

బనగానపల్లె
యాగంటి
గద్వాల కోట