పెంకుటింటి కప్పు మార్పిడి వ్యయం

పెంకుటింటి పాత కప్పు దించి కొత్తది వేయడానికయ్యే ఖర్చు. కప్పు వైశాల్యం, వాలు, కలప స్థితి, పెంకు రకం, కూలి దీన్ని నిర్ణయిస్తాయి. వాలు 30 డిగ్రీలుంటే కప్పు వైశాల్యం కింది స్థలం కన్నా సుమారు 15 శాతం ఎక్కువ. పెంకులూ, కలపా ఆ మేరకు పెరుగుతాయి.

కలప: చెదపట్టిన, వానకు నానిన వాసాలు, దూలాలు మార్చాల్సి వస్తే ఖర్చు బాగా పెరుగుతుంది. టేకు ఖరీదెక్కువ, మన్నికా ఎక్కువే.

పెంకులు: మంగుళూరులో 1865లో బాసెల్ మిషన్ కర్మాగారం తయారీ మొదలుపెట్టిన తరహా పెంకులను తెలుగునాట బెంగుళూరు పెంకులంటారు. పాతవాటిలో తడితే ఖంగుమనేవి మళ్లీ వాడుకోవచ్చు. బీటవారినవి మొద్దుగా పలుకుతాయి. గూన పెంకుల నుంచి బెంగుళూరు పెంకులకు మారితే రీపర్ల (పెంకులు ఆనే సన్న కర్రల) ఎడం సరిచేయాలి.

కూలి: ఎత్తు, ఇరుకు సందు, కొప్పు మలుపులు పనిదినాలను పెంచుతాయి.

పెంకులు దించి వాసాలు పరీక్షించాకే కచ్చితమైన అంచనా సాధ్యం.