నిద్రపోయే హక్కు

మన అభ్యుదయ సాహిత్యంలో నిద్ర అజ్ఞానానికీ, మెలకువ చైతన్యానికీ ప్రతీకలు. ఇరవై ఏళ్లుగా నేనూ తరగతిలో అలాగే చెబుతున్నాను. చరిత్ర మరో అర్థం చెబుతున్నది. 1886లో చికాగో కార్మికుల నినాదంలో ఎనిమిది గంటల పనితోపాటు ఎనిమిది గంటల విశ్రాంతీ ఉంది. నిద్రలో చిట్టెలుకల మెదడు అమిలాయిడ్ మలినాన్ని వేగంగా తొలగించుకుంటుందని 2013లో నాడీశాస్త్రవేత్త మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ప్రకటించింది. దానిపై వాదం ఇంకా తెగలేదు. దాదాపు 8,000 మంది బ్రిటిష్ ప్రభుత్వోద్యోగులపై 2021లో వెలువడిన అధ్యయనం ప్రకారం, 50, 60 ఏళ్ల ప్రాయంలో ఆరు గంటలో, అంతకు తక్కువో నిద్రించినవారిలో మతిమరుపు వ్యాధి హెచ్చు. నిద్రలేమే కారణమని ఇది రుజువు చేయదు. అయినా అడగక తప్పదు: కార్మికుని నిద్రను దోచుకున్న వ్యవస్థ అతని జ్ఞాపకాలను మిగల్చగలదా? మేలుకొలుపులు రాసే మనం నిద్రకు నోచుకోనివాని పక్షాన కూడా రాయాలి.