చల్లార్చే నీళ్లకూ కాపలా కావాలి

కార్తీక శుద్ధ పంచమినాడు తిరుచానూరు పద్మసరోవరంలో లక్షల మంది మునకలేస్తారు గనుక ఆ నీళ్ల శుభ్రత మీద అందరికీ కన్నుంటుంది. పక్కనున్న చిత్తూరు జిల్లాలో జూన్, జూలై నెలల్లో తోతాపురి మామిడి గుజ్జు డబ్బాలు చల్లారడానికి మునిగే తొట్టి మాత్రం ఎవరి కంటా పడదు. మామిడి సీజన్ అనగానే పత్రికలకు కాయ ధరే కనిపిస్తుంది. ధర సంగతి చాలామంది చూసుకుంటున్నారు కనుక ఈ వారం తొట్టి దగ్గరికి వెళదాం.

ఉప్పులో ఊరేయడం, ఎండబెట్టడం, తాండ్ర పోయడం ఎప్పటివో చెప్పలేం. సీసాల్లో ఆహారాన్ని మరిగించి మూసే పద్ధతిని ఫ్రాన్సులో నికొలా అపెర్ 1810లో పుస్తకంగా అచ్చేశాడు. అదే ఏడు ఇంగ్లండులో పీటర్ డురాండ్ రేకు డబ్బాకు పేటెంటు పుచ్చుకున్నాడు. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ ఊరి మంచినీళ్లకు నిత్యం క్లోరిన్ కలపడం మొదలుపెట్టింది. మన దగ్గర మైసూరులో ఆహార పరిశోధన సంస్థ 1950లో, పండ్ల ఉత్పత్తుల ఉత్తర్వు 1955లో వచ్చాయి. అయినా ఇన్నేళ్లూ డబ్బాల పనిలో చాలామంది దృష్టి మంట మీదే ఉంది. చల్లార్చడమంటే పని అయిపోయినట్టేననుకున్నారు.

ఆ భ్రమను వదిలించింది 1964 మే, జూన్ నెలల్లో స్కాట్లండ్‌లోని అబర్డీన్. ఊళ్లో 400 మందికి పైగా టైఫాయిడ్‌తో ఆసుపత్రి పాలయ్యారు. ఆరా తీస్తే అనుమానం ఒక దుకాణంలో కోసి అమ్మిన 6 పౌండ్ల మాంసం డబ్బా మీద నిలిచింది. ఆ మాంసం అర్జెంటీనాలోని రొసారియో నుంచి వచ్చింది. అక్కడ ఉడికించడంలో లోపమేమీ లేదు. వేడి డబ్బాలను చల్లార్చింది మాత్రం ఊరి మురుగు కలిసే పరానా నది నీళ్లతో, అదీ క్లోరిన్ కలపకుండా. వేడి మీద మూత అంచు మడతలోని పూత మెత్తబడి ఉంటుంది. డబ్బా చల్లబడగానే లోపలి ఆవిరి నీరై, లోపల పీడనం పడిపోయి, కంటికి కనపడని సందులోంచి ఒక బొట్టును డబ్బా తనే లోపలికి పీల్చుకుంటుంది. ఆ డబ్బాలోని మాంసం కోసిన కత్తి మిషన్ మీదే మిగతా మాంసాలూ కోశారు. దాంతో ఒక్క బొట్టు ఊరంతా పాకింది. ఆ ఏడు జూన్ చివర్లో ఎలిజబెత్ రాణి స్వయంగా అబర్డీన్ వెళ్లి ఊరు క్షేమమని లోకానికి చాటాల్సి వచ్చింది. టైఫాయిడ్ చరిత్రలో ఇంత రాచమర్యాద దక్కిన డబ్బా ఇంకోటి ఉండదేమో.

మామిడి గుజ్జు పుల్లనిది, అందులో టైఫాయిడ్ క్రిమి పెరగదు కదా అనవచ్చు. నిజమే, పులుపు చాలా బాక్టీరియాను అడ్డుకుంటుంది. కానీ ఈస్టుకూ, పులుపును తట్టుకునే కొన్ని బాక్టీరియాకూ అదే విందు. గుజ్జు పులిసి వాయువు పుట్టి 3.1 కిలోల డబ్బా ఉబ్బుతుంది. బ్లీచింగ్ పౌడర్ గుమ్మరిస్తే సరిపోదా అంటే, అదీ చాలదు. తొట్టిలో ఒలికిన గుజ్జే క్లోరిన్‌ను తినేస్తుంది. నీటి పీహెచ్ 7.5 దాటితే క్రిములను చంపే రూపం సగానికి తగ్గిపోతుంది. అతిగా వేస్తే రేకు తుప్పు పడుతుంది. కాబట్టి పొద్దున ఎన్ని కిలోలు కలిపారన్నది లెక్క కాదు. డబ్బాలు బయటికొచ్చే చివర నీళ్లు పట్టి, మిగిలిన క్లోరిన్‌ను చూపే, పంచాయతీ సిబ్బందికి తెలిసిన క్లోరోస్కోపులో మందు చుక్క వేసి, పసుపు రంగు తేలిందా లేదా చూడాలి. తేలకపోతే ఆ గంట డబ్బాలన్నీ పక్కన పెట్టాల్సిందే.

ఇప్పుడు చాలా ఫ్యాక్టరీలు డబ్బా వదిలి, క్రిమిరహితం చేసిన సంచీల్లో గుజ్జు నింపి డ్రమ్ముల్లో పంపుతున్నాయి. తొట్టి లేదు కనుక బెడదా లేదంటారు. అయితే గుజ్జును చల్లార్చే గొట్టాల అవతలి పక్క కూలింగ్ టవర్ నీళ్లే తిరుగుతుంటాయి. గొట్టానికి సూదిమొన బెజ్జం పడితే, గుజ్జు వైపు ఒత్తిడి ఎక్కువుంటే గుజ్జు బయటికి పోతుంది, నీళ్ల వైపు ఎక్కువుంటే నీళ్లు లోపలికొస్తాయి. 2025లో తోతాపురి కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని తేలేదాకా జిల్లా అంతా అట్టుడికింది. ఆ గొడవలో గొట్టం రెండు వైపులా ఒత్తిడి ఎంతుందో అడిగే తీరిక ఎవరికుంటుంది?