హొర్యూజి గోడలు: ఒక పగటి సందర్శన

జపాన్‌లో చదువుకొనే విద్యార్థి ఒక్క పగటిలో చూసి రాదగిన బౌద్ధక్షేత్రాలలో హొర్యూజి ముఖ్యమైనది. ఒసాకాలోని తెన్నోజి స్టేషనులో ఉదయం రైలెక్కితే సుమారు అరగంటలో హొర్యూజి స్టేషను వస్తుంది. అక్కడి నుండి 20 నిమిషాలు నడిస్తే, పైన్ చెట్ల బాట చివర విహారపు దక్షిణ మహాద్వారం కనిపిస్తుంది.

ఈ విహారాన్ని సుయికో సామ్రాజ్ఞి, రాకుమారుడు షోతొకు 607లో నెలకొల్పినట్లు ఇక్కడి భైషజ్యగురు విగ్రహపు ప్రభామండలంపై ఉన్న శాసనం చెబుతున్నది. 670లో అది అగ్నికి ఆహుతి అయిందని 'నిహోన్ షోకి' చరిత్ర గ్రంథం పేర్కొన్నది. ఆ తరువాత పునర్నిర్మితమైన స్వర్ణమందిరం, ఐదంతస్తుల పగోడా నేడు ప్రపంచంలో నిలిచి ఉన్న అతిప్రాచీన దారు కట్టడాలలో చేరినవి. పగోడా నడిమి స్తంభం కింద ధాతువులు నిక్షిప్తమై ఉన్నవి. రూపం ఎంత మారినా, అది మన స్తూపానికి వారసురాలే.

స్వర్ణమందిరం లోపల వెలుతురు మసకగా ఉంటుంది. శాక్యముని, అమితాభ, మైత్రేయ, భైషజ్యగురు బుద్ధుల లోకాలు నాలుగు పెద్ద గోడలపైన, బోధిసత్త్వులు ఎనిమిది చిన్న గోడలపైన దర్శనమిస్తారు. అజంతా మొదటి గుహలోని పద్మపాణిని ఎరిగిన విద్యార్థికి, ఇక్కడి బోధిసత్త్వుని ఒంపు తిరిగిన దేహం, వాలిన చూపు పరిచితంగా తోస్తాయి. అయితే అతడు చూస్తున్నవి మూలచిత్రాలు కావు. 1967–68లో చిత్రించిన ప్రతికృతులు.

1949 జనవరి 26 తెల్లవారుజామున స్వర్ణమందిరంలో మంటలు లేచినవి. 1940లో ఆరంభమైన ప్రతికృతి రచన అప్పటికింకా సాగుతూనే ఉన్నది. పన్నెండు గోడల చిత్రాలూ మాడి, రంగులు కోల్పోయినవి. మరమ్మతు నిమిత్తం ముందే విప్పి వేరుగా ఉంచిన గంధర్వ చిత్రఫలకాలు మాత్రం దక్కినవి. ఈ నష్టం జపాన్ ప్రజలను కలచివేసింది. మరుసటి ఏడే సాంస్కృతిక సంపద పరిరక్షణ చట్టం వచ్చింది. 1955 నుండి జనవరి 26ను సాంస్కృతిక సంపదకు అగ్నిరక్షణ దినంగా పాటిస్తున్నారు.

ప్రతికృతులకూ నిప్పు భయం తప్పదని అజంతా చరిత్రే చెబుతున్నది. రాబర్ట్ గిల్ రచించిన అజంతా ప్రతులలో చాలా భాగం 1866లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో దగ్ధమైనవి. 1916లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆహ్వానంపై భారతదేశానికి వచ్చిన చిత్రకారుడు అరాయ్ కంపో అజంతా చిత్రాలకు ప్రతులు రచించాడు. టోక్యో విశ్వవిద్యాలయంలో ఉంచిన ఆ ప్రతులు 1923 భూకంపంలో నాశనమైనవి. ఆ కంపోయే 1940లో హొర్యూజి గోడల ముందు తిరిగి కుంచె పట్టి, 1945లో మరణించేవరకు ఆ పనిలోనే ఉన్నాడు. తన శ్రమ ఒకసారి బూడిద కావడం చూసినవాడు రెండవసారి అదే పనికి పూనుకొన్నాడు.

నేటి ప్రతికృతులకు ఆధారంగా నిలిచినవి 1935లో మూలచిత్రాల పరిమాణంలోనే తీసిన ఛాయాచిత్రాలు. నిప్పు రాకముందే ఎవరో శ్రద్ధగా పనిచేసినందువల్లనే నేటి విద్యార్థికి ఆ బోధిసత్త్వుల దర్శనం లభిస్తున్నది. కాలిన గోడలనూ విహారం పారవేయలేదు. మాడిన స్తంభాలతో సహా వాటిని ప్రాంగణంలోనే వేరొక భవనంలో భద్రపరచింది. సాయంకాలం రైలుకు తిరిగి నడిచే విద్యార్థి అనిత్యతను గ్రంథంలో చదివి ఉండవచ్చు. ఆ అనిత్యతను ఎరిగి కూడా మనుషులు ఎంత ఓర్పుతో కాపాడతారో హొర్యూజిలో కంటితో చూస్తాడు.